వదులైన గొట్టం: ఊత్తుకోట ఎల్లలో తుపాకి, మరమ్మతు, మాట

తుపాకి విషయంలో "గొట్టం వదులైంది" అనే మాటకు ఒక్కటే అర్థం లేదు. ఒత్తి వెలిగించి కాల్చే పాతకాలపు తుపాకి పట్టినవాడు ఆ మాట అంటే ఒక అర్థం. తాతగారి నాటి చిన్న రిమ్‌ఫైర్ రైఫిలు పెట్టెలో ఉన్న ఇంటివారు అంటే మరొక అర్థం. మొదటిది ఒక పూటలో తీరే పని. రెండవది కొలతలతోనూ చట్టంతోనూ, ఒక్కొక్కసారి మనిషి కంటితోనూ ముడిపడిన పని. ఈ రెంటి మధ్య ఏమి మారిందో ఊత్తుకోట, తిరువళ్ళూరు, తిరుత్తణి ప్రాంతాన్ని ముందుంచుకొని చెప్పడమే ఈ వ్యాసం ఉద్దేశం. ఆయుధాల మీద మోజుతో రాస్తున్నది కాదు. పనిముట్ల చరిత్ర రాసేవారు తయారీ గురించి రాస్తారు, వాడకం గురించి రాస్తారు. మరమ్మతు గురించి రాయడం అరుదు. ఒక వస్తువు చెడిపోతే దాన్ని ఎవరి దగ్గరకు తీసుకువెళ్ళేవారు, ఆ దారి ఎప్పుడు మూసుకుపోయింది అని అడిగితే తప్ప ఆ వస్తువుకూ ఊరికీ ఉన్న సంబంధం బయటపడదు.

ఊత్తుకోట ఆరణి నది ఒడ్డు ఊరు. నాగలాపురం దారి పట్టి కాస్త దూరం పోగానే సురుటుపల్లి వస్తుంది, అది ఆంధ్రప్రదేశ్. ఊరి పేరులోని 'ఊత్తు' తమిళంలో ఊరే నీటికి పేరు. మన 'ఊట'కు అది తోబుట్టువు. తెలుగుగంగ కాలువ తమిళనాడులో ప్రవేశించేదీ ఈ ఊరి దగ్గరే. 1983 ఒప్పందం ప్రకారం తవ్విన ఆ కాలువలో కృష్ణ నీరు 1996లో పూండి చెరువుకు చేరింది. ఊటకోట అనే పేరు ఆలస్యంగానైనా సార్థకమైందని ఎవరైనా చమత్కరిస్తే తప్పు పట్టలేము.

ఆరణి నది ఇక్కడి నుంచి తూర్పుగా పోయి పళవేర్కాడు సరస్సులో కలుస్తుంది. మన కథకు కావలసిన మొదటి చోటు అదే. చంద్రగిరి, వేలూరుల నుంచి ఏలిన ఆరవీటి వేంకటపతిరాయల అనుమతితో 1610లో డచ్చివారు పళవేర్కాడులో వర్తకస్థానం పెట్టుకున్నారు. 1613 నాటికి గెల్డ్రియా కోట లేచింది. పదిహేడవ శతాబ్దం మొదటి సగంలో ఆ కోటలో తుపాకి మందు తయారుచేసే కార్ఖానా నడిచింది. అద్దకపు బట్టలకే పేరు మోసిన పళవేర్కాడు తూర్పు సముద్రాల్లో తిరిగే డచ్చి ఓడలకు మందు కూడా పంపింది. 1825లో ఆ ఊరు ఇంగ్లీషువారి పరమైంది.

ఇక్కడ మాటలను కొంచెం పరిశీలిద్దాం. తుపాకి లోపల పోసే నల్లని పొడిని మనం 'మందు' అంటాం, తమిళులు 'మరుందు' అంటారు, కన్నడిగులు 'మద్దు' అంటారు. మూడింటికీ అసలు అర్థం ఔషధమే. పారసీకంలోని 'దారూ' కూడా అంతే, ఔషధానికీ తుపాకి పొడికీ ఒకే మాట. ఆ పొడిలో ముఖ్యమైన దినుసు సురేకారం. తెలుగులో దానికి 'పెట్లుప్పు' అని మరొక పేరుంది, తమిళంలో 'వెడియుప్పు'. రెండూ పేలే ఉప్పు అనే ఊహ మీద కట్టినవే. హైదరాబాదులోని పెట్లబురుజు పేరు విన్నవారికి మొదటి సగం వెంటనే తెలుస్తుంది. 'తుపాకి' తుర్కీ నుంచి వచ్చింది, తమిళంలో అది 'తుప్పాక్కి' అయింది. 'ఫిరంగి' ఫ్రాంకుల పేరు మీదుగా వచ్చింది. మందు అంటించే పొడికి 'రంజకం', పేల్చే గుళికకు 'తూటా' హిందుస్తానీ నుంచి వచ్చాయి. అయితే గొట్టం, మర, శీల, గాడి, మాటు మన కమ్మరి పట్టెడలో మొదటి నుంచీ ఉన్న మాటలు. వస్తువు పేరు బయటినుంచి వచ్చింది, దాన్ని బాగుచేసే మాటలు మాత్రం ఇంటివే. ఈ ఒక్క సంగతి చూసినా మరమ్మతు ఎవరి చేతిలో ఉండేదో ఊహించవచ్చు.

పాత ఒత్తి తుపాకి నిర్మాణం చూస్తే ఆ ఊహ బలపడుతుంది. అందులో గొట్టం వెనుక కొన మూసి ఉంటుంది. మందూ గుండూ ముందు నుంచే దట్టించాలి. పక్కన ఉన్న సన్నని చిల్లిలోంచి నిప్పు లోపలికి పోతుంది. ఆ గొట్టాన్ని కొయ్యకు కలిపి ఉంచేవి తోలు పట్టెలో, తీగ చుట్లో, ఇనుప కట్లో మాత్రమే. అలాంటి తుపాకి గొట్టం కదిలితే పాత పట్టె కోసి, తడిపిన పచ్చితోలు పట్టెను బిగించి కట్టి ఎండబెడతారు. తోలు ఎండుతూ ముడుచుకొని గొట్టాన్ని బిగిస్తుంది. కట్టు ఇనుపదైతే కమ్మరి దాన్ని కొలిమిలో కాల్చి కుదిస్తాడు. కొయ్య అరిగితే వడ్రంగి చిన్న చెక్క దించుతాడు. గొట్టం కొంచెం కదిలినా గురి తప్పుతుందే గాని మంట వెనక్కి రాదు, ఎందుకంటే పేలుడును ఆపేది గొట్టం వెనుక ఉన్న మూతే, కొయ్యతో ఉన్న అతుకు కాదు. ఆ మూత వదులైతే మాత్రం ప్రమాదమే. అందుకే తెలిసిన కమ్మరి ముందు దాన్ని చూసి, తరువాతనే కట్టు సంగతి చూసేవాడనుకోవాలి.

ఈ ప్రాంతంలో అలాంటి తుపాకులు పాళెగాండ్ర బంట్ల చేతుల్లో ఉండేవి. కార్వేటినగరం, కాళహస్తి, వేంకటగిరి సంస్థానాలు కప్పంతో పాటు సైనిక సేవ కూడా చేయవలసిన పాళెములు. తిరుత్తణి కార్వేటినగరం కిందిది. సారంగపాణి పదాలు పుట్టిన ఆస్థానమూ అదే. 1802లో కుంపిణీ ప్రభుత్వం ఈ సంస్థానాలకు సన్నదులిచ్చినప్పుడు సైనిక సేవను రద్దుచేసి, దాని విలువను పేష్కషులో కలిపింది. అంటే బంట్ల తుపాకులు లెక్కల పుస్తకంలో రూపాయలుగా మారాయి. దానికి ముందే, 1801 డిసెంబరు 1న, మద్రాసు గవర్నరు ఎడ్వర్డు క్లైవు దక్షిణ పాళెములలో ఆయుధధారణను నిషేధిస్తూ ప్రకటన చేశాడు. చిత్తూరు పడమటి పాళెగాండ్ర తిరుగుబాటు 1804-05 ప్రాంతంలో అణగిపోయింది. ఆ తరువాత ఇక్కడ మిగిలిన తుపాకి యుద్ధానిది కాదు. పంటకు కాపలా కాసే నాటు తుపాకి, పిట్టలనూ నక్కలనూ కొట్టే నక్కలవారి తుపాకి, జమీందారీ ఇళ్ళలోని వేట తుపాకి మాత్రమే మిగిలాయి.

రిమ్‌ఫైర్ పుట్టింది ఇక్కడికి చాలా దూరంలో. 1845లో పారిస్‌లో లూయీ నికొలా ఫ్లోబేర్ అనే తుపాకుల పనివాడు, దెబ్బకు పేలే చిన్న రాగి టోపీ నోటిలో ఒక గుండు కూర్చి, ఇంట్లోనే గురి నేర్చుకొనే తుపాకికి తూటా తయారుచేశాడు. 1857లో అమెరికాలో స్మిత్ అండ్ వెస్సన్ సంస్థ ఆ ఊహనే పెంచి 22 షార్టు తూటాను తెచ్చింది. ఇప్పటికీ లోకమంతా వాడే 22 లాంగ్ రైఫిల్ తూటా 1887 నాటిది. దాని గుండు తూకం 40 గ్రెయిన్లు, అంటే రెండున్నర గ్రాముల పైచిలుకు. ఇంత చిన్నది కాబట్టి ఆటవస్తువనుకొనేవారు అప్పుడూ ఉన్నారు, ఇప్పుడూ ఉన్నారు. పేలినప్పుడు గొట్టంలో పుట్టే ఒత్తిడికి అనుమతించిన హద్దు చదరపు అంగుళానికి 24,000 పౌండ్లు.

ఈ తూటాలో పేలే మసాలా అడుగు మధ్యన ఉండదు. ఇత్తడి గుల్ల అడుగు అంచును బోలుగా మడిచి, ఆ మడతలో పెడతారు. రిమ్ అంటే ఆ అంచే. తూటాను గొట్టం వెనుక గదిలో దించినప్పుడు అంచు గొట్టం నోటి మీద ఆనుతుంది. మీట నొక్కగానే పిన్ను వచ్చి అంచును కొడుతుంది. కమ్మరి భాషలో చెప్పాలంటే పిన్ను సమ్మెట, గొట్టం నోరు దాగలి, నలిగేది మధ్యనున్న అంచు. ఈ దాగలికీ వెనుక బోల్టు ముఖానికీ మధ్య ఉండవలసిన ఎడం అంగుళాన్ని వెయ్యి భాగాలు చేస్తే సుమారు 43 భాగాలు. రెండు మూడు భాగాలు పెరిగినా తేడా తెలుస్తుంది. గొట్టం వదులై ముందుకు జరిగితే ఏమవుతుంది? దాగలి వెనక్కి తగ్గినట్టే. దెబ్బ మెత్తబడి తూటా పేలదు. లేదా పేలుతుంది, కాని అంచుకు ఆనుడు లేక ఇత్తడి చిట్లి, వేడి వాయువూ రేకు ముక్కలూ వెనక్కి, కాల్చేవాని ముఖం మీదికి వస్తాయి.

పాత తుపాకికీ దీనికీ భేదం ఇక్కడ ఉంది. అందులో గొట్టం ఒక మూసిన పాత్ర, కొయ్య దానికి పీట. ఇందులో గొట్టం రెండు వైపులా తెరిచి ఉన్న గొట్టమే. దానికి మూత బోల్టు. ఆ రెంటినీ ఒకచోట నిలిపేది రిసీవరు అనే ఇనుప చట్రం. కాబట్టి గొట్టానికీ చట్రానికీ మధ్యనున్న అతుకు మీదనే భద్రత అంతా నిలుస్తుంది. తోలు పట్టె బిగించడం తెలిసిన చేయికి ఇక్కడ ఉపాయం తోచకపోతే అది ఆ చేతి లోపం కాదు. పని స్వరూపమే మారింది. మన కమ్మరులకు నైపుణ్యం చాలక తుపాకి పని పోయిందని రాసేవారు ఈ సంగతి పట్టించుకోరు.

ఇంతకూ రిమ్‌ఫైర్ రైఫిలు గొట్టం ఎందుకు వదులవుతుంది? ముందుగా తూటా లేదని కంటితోనూ వేలితోనూ రూఢి చేసుకొని చూడవలసింది, కదులుతున్నది నిజంగా గొట్టమేనా అని. చాలాసార్లు కొయ్యను చట్రానికి పట్టి ఉంచే మరమేకు సడలి, మొత్తం ఇనుము కొయ్యలో ఆడుతుంటుంది. మన వానకాలపు తేమకు కొయ్య ఉబ్బి, ఎండకు కుదించుకుపోతే ఇది సహజం. మేకు బిగిస్తే తీరుతుంది. కొయ్య తీసివేసి, గొట్టాన్ని ఒక చేత, చట్రాన్ని మరొక చేత పట్టి చూసినప్పుడు కూడా కదిలితేనే అసలు జబ్బు.

ఆ జబ్బు గొట్టాన్ని ఎలా బిగించారన్న దాన్ని బట్టి మూడు రకాలు. అమెరికాలో స్టీవెన్స్ సంస్థ 1890ల నుంచి అమ్మిన 'ఫేవరిట్' వంటి రైఫిళ్ళలో గొట్టం విడదీసి సంచిలో పెట్టుకోవడానికి వీలుగా ఉంటుంది. కింద ఉన్న ఒక మరమేకు దాన్ని పట్టి ఉంచుతుంది. వందసార్లు ఊడదీసి బిగించిన ఇంట్లో ఆ మేకు మొనా, అది దిగే గుంటా అరుగుతాయి. కొత్త మేకును కొంచెం లావుగా చేయించి, మొన ఆ గుంటకు సరిపోయేలా చెక్కితే చాలావరకు సరిపోతుంది. ఇది తరిమెన పనివాడి పని. మరికొన్ని చవక రైఫిళ్ళలో మరచుట్లు ఉండవు. గొట్టం మొదలును నున్నగా చేసి, చట్రంలోకి బిగువుగా దించి, అడ్డంగా ఒక శీల కొడతారు. శీల అరిగితే రంధ్రాన్ని వెంట్రుకవాసి పెద్దది చేసి లావు శీల వేయాలి. దించిన చోటే వదులైతే సీసం, తగరం కలిసిన మెత్తని మాటు వేయడం పాత పద్ధతి. ఈ కాలంలో ఇనుప భాగాలను పట్టి ఉంచే ప్రత్యేకమైన జిగురు వాడుతున్నారు. మంచి రైఫిళ్ళలో గొట్టం మరచుట్లతో చట్రంలో దిగుతుంది. అది వదులైనప్పుడు ఇంకొంచెం తిప్పి బిగిస్తే చాలదు. తిప్పితే పైనున్న గురిముల్లు పక్కకు ఒరుగుతుంది. గొట్టం భుజాన్ని తరిమెన మీద ఒక మరచుట్టు మేర తగ్గించి, పూర్తిగా ఒక చుట్టు తిప్పి, గురిముల్లును మళ్ళీ నడినెత్తికి తెచ్చి, ఆపైన తూటా గదిని లోతు చేసి ఎడం కొలవాలి. కొలిచే సాధనం లేనివాడు ఈ పనికి పూనుకోకూడదు.

పనికిరాని మరమ్మతులు కూడా చెప్పవలసి ఉంది, పాత రైఫిళ్ళలో అవే ఎక్కువ కనిపిస్తాయి. గొట్టం మొదలుకు రేకు చుట్టి దించడం ఒకటి. మొదలంతా పొన్నుతో చుక్కలు కొట్టి, లేచిన బుడిపెలతో బిగుతు రప్పించడం ఇంకొకటి. నాలుగు గుండ్లకు ఆ బుడిపెలు నలిగి గొట్టం మళ్ళీ ఆడుతుంది. అన్నిటికన్నా చెడ్డది వెల్డింగు. ఆ వేడికి గొట్టం లోపలి గాళ్ళు పాడవుతాయి, చట్రం గట్టిదనం పోతుంది. పైకి మాత్రం రాయిలా బిగిసి కనబడుతుంది. ఇలా బిగిసిన రైఫిలు, కదులుతున్న రైఫిలు కన్నా ప్రమాదకరం. కదిలేదాన్ని చూస్తే మనిషికి కనీసం అనుమానం వస్తుంది.

ఇక చట్టం. 1878లో లిట్టన్ ప్రభువు కాలంలో వచ్చిన ఆయుధాల చట్టం దేశీయులకు లైసెన్సు తప్పనిసరి చేసి, నిబంధనలలో యూరోపియన్లకు మినహాయింపునిచ్చింది. కొడగువారికి మినహాయింపు దక్కింది గాని పాళెగాండ్ర వారసులకు అలాంటిది లేదు. స్వతంత్ర భారతంలో 1959 ఆయుధాల చట్టం 1962 అక్టోబరు 1న అమలులోకి వచ్చింది. దాని 5వ సెక్షను తయారీ, అమ్మకం, మార్పులతో పాటు మరమ్మతును కూడా పేరు పెట్టి చెప్పి, లైసెన్సు లేనిదే చేయరాదంది. 6వ సెక్షను గొట్టం పొట్టి చేయడాన్ని, 8వ సెక్షను దాని మీది పేరు, అంకెలు చెరిపివేయడాన్ని అడ్డుకుంటాయి. గొట్టం మొదలును ఆకురాయితో రాసే పనివాడు ఈ చివరి సంగతి మరచిపోరాదు, సంఖ్య కొట్టేది తరచుగా ఆ దగ్గరలోనే.

అన్నిటికన్నా ఆలోచింపజేసేది 45వ సెక్షనులోని ఒక చిన్న మినహాయింపు. పాతబడిన, పురావస్తు విలువ గల, లేదా చెడిపోయిన ఆయుధం, మరమ్మతు చేసినా చేయకపోయినా కాల్చడానికి పనికిరానిదైతే, ఈ చట్టం దానికి వర్తించదు. అంటే తాతగారి రైఫిలు గొట్టం ఊగుతోంది, ఎవరూ కాల్చరు, గోడకు అలంకారంగా ఉంది అన్నంతమాత్రాన అది అలంకారం కాదు. మరమ్మతుతో బాగుపడేదైతే అది ఇంకా తుపాకే, లైసెన్సు కావలసిందే. పైన చెప్పిన లావు శీల, కొత్త మరమేకు సాధ్యమైనంత వరకు ఆ రైఫిలు చట్టం దృష్టిలో బతికే ఉంది. 'గొట్టం వదులైంది, ఇక ఇది ఇనుపముక్క' అనుకొని లైసెన్సు పునరుద్ధరించని ఇంటివారు నేరంలో చిక్కుకొనే చోటు ఇదే.

ఎల్ల ప్రాంతంలో ఈ చిక్కు మరింత ఎక్కువ. తిరుత్తణిలో ఒక ఇంట, నూట ఇరవై ఏళ్ళ కిందట కొన్న రైఫిలు ఒకటి ఉందనుకుందాం. ఆ ఇల్లు 1911 వరకు ఉత్తర ఆర్కాడు జిల్లాలో ఉంది. ఆ ఏడు చిత్తూరు జిల్లా ఏర్పడగా అందులో చేరింది. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రంలోకి పోయింది. పటాస్కరు తీర్పు మీద వచ్చిన 1959 సరిహద్దుల మార్పు చట్టంతో 1960 ఏప్రిల్ 1న మద్రాసు రాష్ట్రంలో, చెంగల్పట్టు జిల్లాలో పడింది. అదే రోజున సత్యవేడు వైపు గ్రామాలు ఆంధ్రకు వెళ్ళాయి. 1997లో తిరువళ్ళూరు జిల్లా ఏర్పడింది. రైఫిలు గోడ దిగకుండానే నాలుగు జిల్లాలు, రెండు కచేరీ భాషలు చూసింది. లైసెన్సు ఇచ్చేది జిల్లా మేజిస్ట్రేటు, అంటే కలెక్టరు. అందులో చెల్లుబాటయ్యే ప్రాంతం రాసి ఉంటుంది. ఊత్తుకోటవాడికి నాగలాపురం సంత ఎంత దగ్గరైనా, తమిళనాడుకే పరిమితమైన లైసెన్సుతో తుపాకి భుజాన వేసుకొని సురుటుపల్లి దాటి పనివాడి దగ్గరకు పోవడానికి వీలులేదు. కూతురిని ఇచ్చుకోవడానికీ ఎద్దుల్ని కొనడానికీ అడ్డురాని ఎల్ల ఈ ఒక్క మరమ్మతుకు అడ్డువచ్చింది. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంతో వేట కూడా ఆగింది. వాడకం తగ్గిన వస్తువుకు పనివాడు దొరకడం ఎక్కడైనా కష్టమే.

మన విద్యార్థులలో ఎక్కువమంది చేత పట్టిన రిమ్‌ఫైర్ ఇంటిది కాదు, ఎన్.సి.సి.ది. 1948 చట్టంతో ఏర్పడిన ఆ దళంలో కాడెట్లు విధిలో భాగంగా ఆయుధం పట్టడానికి, చెప్పుకొన్న 45వ సెక్షనే మినహాయింపునిస్తుంది. చాలాకాలం వారికిచ్చిన వాటిలో సైన్యపు 303 ఎన్‌ఫీల్డును 22కు మార్చిన రైఫిళ్ళున్నాయి. ఈ జాతి రైఫిళ్ళలో కొన్నింటికి కొత్త గొట్టమే వేశారు. కొన్నింటిలో పాత గొట్టాన్ని తొలిచి, లోపల సన్నని 22 గొట్టం దించారు. గొట్టంలో గొట్టం! అది బయటి గొట్టంలో వదులైతే బయటికి ఏమీ తెలియదు, గుండ్లు మాత్రం పలక మీద చెదిరిపోతాయి. కాడెట్టు తన గురిని తిట్టుకొని ఊరుకొంటాడు.

తమిళనాడు తెలుగు పల్లెల్లో మాటలు సేకరించే విద్యార్థులకు ఇక్కడ పని ఉంది. వయసు మళ్ళిన కమ్మరులను, వడ్రంగులను, తరిమెన పట్టినవారిని అడగవలసినవి కొన్ని: గొట్టం వెనుక మూతను ఏమనేవారు? మరమేకు అంటారా, తమిళులతో కలిసి మరయాణి, తిరుగాణి అంటారా? అడ్డుశీలకు వేరే పేరుందా? ఇనుము 'ఆడుతుంది' అంటారా, 'వదులైంది' అంటారా, ఈ రెంటికీ వారి నోట భేదముందా? అడిగేటప్పుడు తుపాకి ఎవరిదని మాత్రం అడగవద్దు. భాగాల పేర్లు చాలు. నమూనాకు తుపాకి అక్కరలేదు. బండి ఇరుసు, మోట గొట్టం, పాత సైకిలు పంపు చూపించి మొదలుపెడితే మాట దానంతట అదే అటువైపు పోతుంది.